చినుకుకు ముందు ఒక పరీక్ష

పల్చని నీటిపొర మీద చినుకు పడగానే చుట్టూ కిరీటంలా నీటిగోడ లేస్తుంది. దాని కొసల నుంచి చిన్న చుక్కలు తెగిపడతాయి. భౌతిక శాస్త్రవేత్త వర్తింగ్టన్ దీన్ని విద్యుత్ స్పార్క్ వెలుగులో ఫొటోలు తీసి 1908లోనే పుస్తకం వేశాడు. మేం దాన్నే కంప్యూటర్లో లెక్కగట్టి చూస్తున్నాం. ‘ఏ సాఫ్ట్‌వేర్ మంచిది సార్?’ అని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు.

నేనైతే ముందు చినుకును పడనివ్వను. గురుత్వాకర్షణ తీసేసి గాలిలో నిలబెట్టమంటాను. 2 మిల్లీమీటర్ల వ్యాసమున్న నీటిబొట్టు లోపలి పీడనం బయటికన్నా 144 పాస్కళ్లు ఎక్కువుండాలి, ఎక్కడా కదలిక ఉండకూడదు. ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్‌లోని ఇంటర్‌ఫోమ్ అనే ప్రోగ్రామ్‌కి ఈ పరీక్ష పెడితే బొట్టు చుట్టూ లేని ప్రవాహాలు సుడులు తిరుగుతాయి. నీటి అంచు వంపును అది సరిగా లెక్కగట్టలేదు. స్టెఫాన్ పోపినే రాసిన బాసిలిస్క్ సాఫ్ట్‌వేర్ లెక్క కోసం జాగాను కోసుకున్న ప్రతి గడిలోనూ అంచును చిన్న పలకలా గీసుకుంటుంది, వంపును వేరే పద్ధతిలో, ఎత్తుల నుంచి తీస్తుంది. ఆ దొంగ ప్రవాహాలు చాలావరకు అణిగిపోతాయి.

ఇక మెష్, అంటే ఆ గడుల వల. అదే బొట్టు సెకనుకు 3 మీటర్ల వేగంతో పడితే వెబర్ సంఖ్య (తలతన్యతతో పోలిస్తే జడత్వం ఎంత ఎక్కువో చెప్పేది) 250. అలా లేచే పల్చని నీటిగోడను పట్టాలంటే గడులు సన్నగా ఉండాలి. సెంటీమీటరు ఘనాన్ని 10 మైక్రాన్ల గడులుగా కోస్తే 100 కోట్ల గడులు! గడి సైజు సగం చేస్తే గడులు 8 రెట్లవుతాయి. తలతన్యత కారణంగా కాలాన్ని కూడా ఇంకా సన్నగా తరగాలి. మొత్తం పని దాదాపు 23 రెట్లు. అందుకే అంచు ఉన్నచోటే గడులు చిన్నవి చేసుకునే బాసిలిస్క్‌కి నా ఓటు. ఇంజన్ గోడలు, నాజిళ్లలాంటి చిక్కు ఆకారాలైతే ఓపెన్‌ఫోమే నయం. ఫ్లూయెంట్ అనే వాణిజ్య సాఫ్ట్‌వేర్ కూడా ఆ పని చేస్తుంది, లైసెన్సు డబ్బులు ఎవరైనా కడితే.

అయితే అసలు చిక్కు ఈ మూడింటికీ ఉంది. నీటిగోడ గడికన్నా పల్చబడగానే అది తెగిపోతుంది. ఆ తెగడం నీటి గుణం కాదు, మెష్ చలవ. అలా పుట్టిన చుక్కల్ని లెక్కపెట్టి గ్రాఫు గీసేవాళ్లున్నారు. కిరీటం వ్యాసం కాలం వర్గమూలంతో పెరుగుతుందని యారిన్, వైస్ అనే పరిశోధకులు 1995లో చూపించారు. దాన్ని ఓ మాదిరి మెష్ కూడా బాగానే పట్టుకుంటుంది, నమ్ముతాను. చుక్కల సంఖ్యను మాత్రం అంత తేలిగ్గా నమ్మను.

ఈసారి సెమినార్లో ఎవరైనా రంగురంగుల యానిమేషన్ వేస్తే చప్పట్లు కొట్టే ముందు ఒక్కటి అడగండి: గడి సైజు సగం చేసినప్పుడు మీ చుక్కల లెక్క మారిందా, లేదా?