బారీ ఫిట్జెరాల్డ్ హాస్యము

నాటకకర్త వ్రాసిన పాత్రకు నటుడు ప్రాణము పోయునందురు. అట్టి నటుడు ఆ నాటకకర్తకు దూరమైన పిమ్మట ఆతని కళ యేమగును? ఐర్లండు నటుడు బారీ ఫిట్జెరాల్డ్ (1888-1961) చరిత్ర ఈ ప్రశ్నకు చక్కని ఉదాహరణము.

డబ్లిను నగరమున జన్మించిన ఈతని అసలు పేరు విలియం జోసెఫ్ షీల్డ్స్. పగలు ప్రభుత్వ కార్యాలయమున ఉద్యోగము, రాత్రి అబ్బీ నాటకశాలలో వేషము. 1904లో యేట్స్, లేడీ గ్రెగరీ ప్రభృతులు నెలకొల్పిన ఆ నాటకశాల మనకు బొత్తిగా పరాయిది కాదు. దానికి దారితీసిన నటబృందము 1902లో ప్రదర్శించిన వానిలో, తరువాత మదనపల్లెలో నివసించి 1956లో అచటనే కన్నుమూసిన జేమ్స్ కజిన్స్ నాటకములును కలవు.

ఫిట్జెరాల్డ్ 1929 వరకు ఉద్యోగము విడువలేదు. ఆతని ఉత్తమపాత్రలు రెండును అంతకు పూర్వమే వెలసినవి. డబ్లిను పేదవాడల పలుకును రంగమెక్కించిన షాన్ ఓకేసీయే ఆ రెండింటికిని కర్త.

మొదటిది 1924 నాటి ‘జూనో అండ్ ది పేకాక్’లోని కెప్టెన్ బాయిల్. పని మాట వినబడినంతనే ఈతనికి కాళ్ల నొప్పులు వచ్చును. ప్రేక్షకులు కడుపార నవ్వుదురు. కాని చివరి అంకమున కుమారుడు హతుడగును. గర్భవతియైన కుమార్తెను ప్రియుడు విడిచిపోవును. భార్య జూనో ఆమెను వెంటబెట్టుకొని ఇల్లు వీడును. ఇవి యేవియు పట్టని బాయిల్ తాగి తూలుచు ఆ బోసిపోయిన గదిలో ప్రవేశించి, లోకము చెడిపోయినదని వాపోవును. పాత్ర మారలేదు, మారినది చుట్టునున్న లోకము. అంతవరకు నవ్వించిన చేష్టలే అప్పుడు గుండెను కలచివేయును.

రెండవది 1926 నాటి ‘ది ప్లౌ అండ్ ది స్టార్స్’లోని ఫ్లథర్ గుడ్. ఈ వడ్రంగి తాగుబోతు, ప్రగల్భి. అయినను 1916 తిరుగుబాటు నాడు తుపాకిగుండ్ల నడుమ వెదకి, పొరుగింటి యువతిని ఇల్లు చేర్చినవాడు ఈతడే.

1928లో ఓకేసీ ‘ది సిల్వర్ టాసీ’ని అబ్బీవారు నిరాకరించిరి. మరుసటి యేడు లండనులో దానిని ప్రదర్శించినపుడు ఫిట్జెరాల్డ్ అందు నటించెను. 1930లో హిచ్‌కాక్ ‘జూనో’ను చిత్రముగా తీసినపుడు బాయిల్ వేషము మఱొకరికి దక్కెను, రంగస్థలమున ఆ పాత్రకు రూపు కట్టిన నటునికి దక్కినది ఒక ఉపన్యాసకుని చిన్న వేషము! 1936లో జాన్ ఫోర్డ్ ‘ది ప్లౌ’ను తెరకెక్కించుచు ఫ్లథర్ పాత్రకు ఈతనినే పిలిచెను. అది మొదలు హాలీవుడ్ ఆతని కార్యక్షేత్రమయ్యెను.

1944 నాటి ‘గోయింగ్ మై వే’లో వృద్ధమతాచార్యుని పాత్ర ఆతనికి ప్రపంచఖ్యాతి తెచ్చినది. ఒకే పాత్రకు ఉత్తమనటుడుగను, ఉత్తమ సహాయనటుడుగను ఆస్కారు పరిశీలనకు ఎన్నికయ్యెను, రెండవది లభించెను. తరువాత అట్లు జరుగకుండ నియమము మార్చిరి. నటన ముద్దులొలుకునదే. కాని ఆ వృద్ధుని బలహీనతవలన ఎవరి బ్రదుకును చెడదు. కావున మన నవ్వుకు ముల్లు లేదు. 1952 నాటి ‘ది క్వయట్ మాన్’లో పెండ్లిండ్ల పేరయ్యగా మరల మురిపించెను. అచట ఫ్లథర్ దాహము ఉన్నది, ఫ్లథర్ సాహసము లేదు. ఆతని శక్తి క్షీణించినదనుటకు వీలులేదు. 1948 నాటి ‘ది నేకెడ్ సిటీ’లో న్యూయార్క్ పోలీసు అధికారిగా చూపిన నిగ్రహమే ఇందుకు సాక్ష్యము. కొఱత నటునియందు కాదు, వ్రాతయందు.

హాస్యపాత్రలు వ్రాయువారు దీనిని గుర్తింపవలెను. నడకను, గొంతును, కంటిచూపును నటుడు ఈయగలడు. ఆ హాస్యమునకు మూల్యము చెల్లించు జూనోను మాత్రము రచయితయే సృజింపవలెను.