పగడాల తొట్టెకు సున్నపు తేట

పగడాల తొట్టెలో పీహెచ్ 7.8కి జారిందంటే చాలామంది చెయ్యి వంటసోడా డబ్బా మీదకే పోతుంది. వంటసోడా ఆల్కలినిటీని పెంచుతుంది గానీ పీహెచ్‌ను పెంచదు, వేసిన వెంటనే కాస్త దించుతుంది కూడా. ఆల్కలినిటీ 7 నుంచి 11 డీకేహెచ్ మధ్య ఉండి పీహెచ్ ఒక్కటే తగ్గితే ముందు అనుమానించాల్సింది గదిలోని గాలిని. తలుపులు మూసి ఏసీ వేసుకున్న ఇంట్లో మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి ఆమ్లమవుతుంది.

రుజువు చూసుకోవడం తేలికే. తొట్టె నీళ్లు ఒక గ్లాసుడు తీసి, ఆరుబయట గంటసేపు గాలి పంపుతో బుడగలు కొట్టించి మళ్లీ పీహెచ్ కొలవండి. బాగా పెరిగిందంటే దోషం ఇంటి గాలిదే. అప్పుడు కిటికీ తెరవాలి, లేదా స్కిమ్మర్ గాలి పీల్చే గొట్టాన్ని బయటికి పెట్టాలి. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఆగి, తెల్లవారే సరికి పీహెచ్ అట్టడుగుకు చేరుతుంది. పక్క తొట్టెలో నాచు పెంచి, దానికి రాత్రిపూట దీపం వెలిగించేది అందుకే.

ఇవన్నీ చేశాక వాడదగినది సున్నపు తేట. జర్మన్లు కాల్క్‌వాసర్ అనే దీన్ని పగడాలు పెంచేవారికి 1970లలో బాగా పరిచయం చేసింది పీటర్ విల్కెన్స్. సజీవ శిలలు, స్కిమ్మర్‌లతో పాటు ఇదీ బెర్లిన్ పద్ధతిలో భాగమైంది. నా దృష్టిలో ఇంతకన్నా పొందికైన ఉపాయం ఈ విద్యలో లేదు. తేటలోని హైడ్రాక్సైడ్ నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని బైకార్బనేట్‌గా మారుతుంది. పీహెచ్ పెరుగుతుంది. పగడం తన అస్థిపంజరం కట్టుకోవడానికి కావలసిన కాల్షియం, ఆల్కలినిటీ రెండూ అది ఖర్చుచేసే పాళ్లలోనే అందుతాయి.

గోడల సున్నం, కిళ్లీ సున్నం పనికిరావు, వాటిలో ఏ మలినాలుంటాయో తెలియదు. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడే కావాలి. లీటరు ఆర్‌ఓ నీటికి సుమారు ఒకటిన్నర గ్రాములు కలిపి, మూతపెట్టి, కొన్ని గంటలు కదపకుండా ఉంచాలి. మూత లేకపోతే గాలి తగిలి పైన తెల్లటి పొర కడుతుంది, ఆ మేరకు సత్తువ పోయినట్టే. అడుగున దిగిన మడ్డిని కదపకుండా పైతేట మాత్రమే తీయాలి. దాని పీహెచ్ 12 దాటుతుంది కాబట్టి కళ్లకు, చేతులకు రక్షణ తప్పనిసరి.

ఆ తేటను రాత్రిపూట, నీటి ప్రవాహం జోరుగా ఉన్నచోట, చుక్కచుక్కగా వదలాలి. ఆవిరైన నీటి మేరకే పోయాలి. ఒక్కసారిగా గుమ్మరిస్తే పీహెచ్ ఎగిరిపోయి, కాల్షియం కార్బనేట్ గడ్డకట్టి, పంపులకు పట్టేస్తుంది. పీహెచ్ 8.5కు చేరితే ఆపేయాలి.

సముద్రపు పైనీటి పీహెచ్ 8.1 దగ్గర ఉంటుంది కదా అని రోజూ ఆ అంకె వెంట పరుగెత్తడం నాకు సమ్మతం కాదు. 7.9 దగ్గర నిలకడగా ఉండి పగడాలు ఎదుగుతున్న తొట్టెను కదిలించకూడదు. పగడాలు బాగా పెరిగిన పెద్ద తొట్టెల్లో ఆవిరయ్యే నీటికి సరిపడా తేట వాటి ఆకలి తీర్చలేదు. అక్కడ కాల్షియం రియాక్టర్ పెడతారు. అది కార్బన్ డయాక్సైడ్‌తోనే సున్నపురాయిని కరిగిస్తుంది కనుక పీహెచ్‌ను కిందికి లాగుతుంది. అందుకే రియాక్టర్ ఉన్నచోటా రాత్రిళ్లు సున్నపు తేట వదిలేవారున్నారు.