హస్తవాసి

“మందు ఎవరిచ్చినా అదే, ఆయన హస్తవాసి వేరండీ” అని మన ఊళ్ళలో ఒక్కో వైద్యుడి గురించి చెప్పుకుంటారు. ఆ మాటను మనం అదృష్టానికి వదిలేశాం. జపాన్ వాళ్ళు వదల్లేదు. హస్తవాసి అంటే ఏమిటో వెతికి పట్టుకుని, బొమ్మలు గీసి, శిష్యుల వేళ్ళకు నేర్పారు. ఆ విద్య పేరు కంపో. పేరు విని కంపు అనుకునేరు! దాల్చినచెక్క, అల్లం, అతిమధురం కలిసి మరుగుతున్న గదిలోకి ఒక్కసారి అడుగుపెడితే సగం రోగం గుమ్మంలోనే ఆగిపోయిందనిపిస్తుంది.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కంపో అంటే చైనా పద్ధతి అని అర్థం. మూలగ్రంథం సుమారు 1800 ఏళ్ళ కిందట చైనాలో జాంగ్ జోంగ్‌జింగ్ రాసినది. 753లో జపాన్ చేరిన గంజిన్ అనే భిక్షువు కళ్ళు పోయినా మూలికలను వాసనతోనే పోల్చుకునేవాడట. 756లో కోమ్యో మహారాణి నారా నగరంలోని తోదాయ్‌జి బుద్ధుడికి 60 రకాల ఔషధాలు సమర్పించింది. ఆ పట్టిక నేటికీ ఉంది. అందులో హిహత్సు, కరిరోకు, అమరోకు అనే పేర్లు కనిపిస్తాయి. పైకి చదవండి: పిప్పలి, హరీతకి, ఆమలకి! మన పిప్పళ్ళు, కరక్కాయ, ఉసిరిక ఎన్ని సముద్రాలు దాటి అక్కడికి చేరాయో!

ఇక చేతి సంగతికి వస్తాను. కంపోకు ప్రాణం ‘షో’ అనే మాట. సాక్ష్యం అని దాని అర్థం. రోగం పేరు కాదు, రోగి ఒళ్ళు చెప్పే సాక్ష్యం ముఖ్యం. జలుబు చేసి ముగ్గురు వచ్చారనుకోండి. ఒకరు నీరసంగా ఉన్నారు, ఒళ్ళు కాస్త చెమ్మగిల్లుతోంది. వాళ్ళకు దాల్చినచెక్క ప్రధానంగా ఐదు దినుసుల ‘కేయ్‌షితో’ కషాయం. రెండోవారికి చెమట లేదు, మెడ, భుజాలు బిగుసుకున్నాయి. పై ఐదింటికి కుడ్జు దుంప, మావో అనే మూలిక చేర్చి ఏడు దినుసుల ‘కక్కొంతో’. మూడోవారు దృఢకాయులు, చెమట చుక్క లేదు, కీళ్ళన్నీ నొప్పులు. నాలుగే దినుసుల ‘మావోతో’ కషాయం. జలుబు ఒక్కటే, మందులు మూడు, తీర్పు చెప్పింది చెమట! కేయ్‌షితో తాగాక వేడి గంజి తాగి దుప్పటి కప్పుకోమని ఆ పాతగ్రంథమే చెప్పింది. ఆ ముక్క మా అమ్మమ్మకు చదివి వినిపిస్తే “ఈ మాత్రం చెప్పడానికి చైనా దాకా పోవాలా” అనేది.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసేది పొట్ట పరీక్ష. రోగిని వెల్లకిలా, కాళ్ళు చాపి పడుకోబెడతారు. పక్కటెముకల అంచు కిందికి వేళ్ళు జొనిపినప్పుడు లోపల అడ్డు తగిలి రోగి ఇబ్బంది పడితే సైకో వేరు కలిసిన మందులు. బొడ్డు పక్కన నొక్కితే నొప్పి పుడితే రక్తం నిలిచిందని లెక్క. బొడ్డు కింద చేయి దూదిలో దిగినట్టు దిగిపోతే వయసు మళ్ళిన వాళ్ళకిచ్చే హచిమిజియోగన్. పొట్ట మీద తట్టినప్పుడు కుండలో నీళ్ళు తొణికిన చప్పుడైతే దారి మరొకటి. ఇనాబా బున్రేయ్ 1800లో ఈ గుర్తులన్నీ బొమ్మలతో సహా అచ్చు వేయించాడు.

ఈ పొట్ట పరీక్షకు పట్టం కట్టినవాడు యోషిమాసు తోదో (1702–1773). నేను తోదో పక్షమని ముందే ఒప్పుకుంటున్నాను. పంచభూతాల లెక్కలు వేసే గోసేయ్ బడి వారు కోప్పడినా సరే. క్యోటోలో రోగులు రాక బొమ్మలు చేసుకుని బతికినవాడాయన. బొమ్మల వర్తకుడి తల్లికి జబ్బు చేస్తే చూసి, ఆస్థాన వైద్యుడు యామావాకి తోయో రాసిన మందు సరైనదే గానీ అందులోంచి జిప్సం తీసేయమన్నాడట. తోయోకూ సరిగ్గా ఆ జిప్సం దగ్గరే అనుమానం ఉందట. అంతే, ఆ పెద్దాయనే బొమ్మలవాడి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడని చెబుతారు. ఒక దినుసు తగ్గించడంలో పేరు తెచ్చుకున్న వైద్యుణ్ణి మరెక్కడైనా విన్నారా?

హనాఓకా సేయ్‌షూ (1760–1835) కథ ఇంకా గొప్పది. మన శివుడి ఉమ్మెత్త, వసనాభి జాతి దుంప ప్రధానంగా మత్తుమందు చేసి, 1804లో 60 ఏళ్ళ స్త్రీకి రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స చేశాడు. అమెరికాలో ఈథర్ మత్తును లోకానికి చూపింది 1846లో! ఆ మందును తన మీద పరీక్షించుకోవడానికి ఒప్పుకున్న ఆయన భార్య కాయేకు చూపు పోయిందంటారు. ఆ త్యాగం తలుచుకోకుండా సేయ్‌షూను పొగడడం నాకు చేతకాదు.

ఆయన పేరు మీదున్న షియున్‌కో లేపనం చేసే తీరు చూడండి. నువ్వుల నూనె కాచి, తేనెమైనం, కాస్త పందికొవ్వు కరిగించి, తోకి వేరు వేసి వేయించి తీసేస్తారు. తర్వాత షికోన్ వేరు. నూనె సుమారు 140 డిగ్రీల దగ్గర ఊదారంగు విచ్చుకుంటుంది. ఆ క్షణంలో వడకట్టాలి. సెగ మించితే రంగు చచ్చిపోతుంది. కషాయాల్లోనూ ఇదే నియమం. రోజు మోతాదుకు 600 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, మట్టిపాత్రలో సన్నని సెగ మీద సగానికి మరిగించి, వేడి మీదే వడకడతారు. ఇనుము తగలకూడదు. నారా రైతులు తోకి వేళ్ళను వేడినీళ్ళలో పిసికి పిసికి తీరు దిద్దుతారు. పొలం నుంచి పొయ్యి దాకా చేయి ఆగదు.

ఇంతటి విద్యను చట్టం ఒక్క వేటుతో పడగొట్టబోయింది. మేయ్‌జీ ప్రభుత్వం పాశ్చాత్య వైద్యం చదివితేనే వైద్యుడంది. శిశువుగా ఉన్న యువరాజుకు 1879లో వైద్యం చేసిన కంపో వైద్యుడు అసాదా సోహాకు 1894లో కన్నుమూశాడు. మరుసటి ఏడాది కంపో వైద్యులకు గుర్తింపు కోరిన బిల్లును పార్లమెంటు తోసిపుచ్చింది. 1910లో వాదా కేయ్‌జూరో ‘వైద్యలోకానికి ఇనుప సమ్మెట’ అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం రాసి మళ్ళీ నిప్పు రాజేశాడు. ఓత్సుకా కేయ్‌సెత్సు వంటివారు దాన్ని ఆరనివ్వలేదు. 1976లో కంపో పొట్లాలు పెద్ద ఎత్తున ఆరోగ్య బీమాలోకి వచ్చాయి. నేడు 148 ఔషధ యోగాలకు బీమా ఉంది.

గెలిచామనుకున్నాం. గెలుపే గొయ్యి తవ్వింది. పొట్లం మీద అంకె పడింది: కక్కొంతో 1, పిక్కలు పట్టేస్తే 68. రోగం పేరు వినగానే అంకె రాసేస్తే పొట్ట తడిమేదెవరు? జపాన్ హాస్యకథకులు చెప్పే పాత కథలో ఒక వైద్యుడు తలనొప్పికీ కక్కొంతోయే, కడుపునొప్పికీ కక్కొంతోయే ఇచ్చి, చివరికి తోడు వచ్చినవాడికి కూడా పొద్దుపోవడానికి అదే తాగమంటాడు. అప్పట్లో అది నవ్వులాట. ఇప్పుడు దినచర్య. షోసైకోతో అనే మందును పక్కటెముకల కింద తడమకుండానే, కాలేయపు వాపు అన్న పేరు మాత్రం చూసి వేలమందికి రాశారు. 1996లో ప్రభుత్వం అత్యవసర హెచ్చరిక ఇచ్చే వేళకు ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు 88 మంది, చనిపోయినవారు 10 మంది. మూలికే కదా, ఏం చేస్తుందిలే అనే ధీమాకు చెల్లించిన ఖరీదు అది. అతిమధురం సైతం మితిమీరితే పొటాషియం పడిపోయి రక్తపోటు పెరుగుతుంది. అయినా బలిష్ఠులకు, మలబద్ధకం ఉన్నవారికి ఉద్దేశించిన బోఫూత్సూషోసన్‌ను పొట్ట కరిగించే మందని అరల్లో పేర్చి అమ్ముతున్నారు. దాన్ని వైద్యమనడానికి నాకు నోరు రాదు.

2009లో బీమా నుంచి కంపోను తప్పిస్తారేమోనన్న భయంతో లక్షల సంతకాలు పోగయ్యాయి. జనానికి ప్రేమ ఉందన్నమాట. ఆ సంతకాల్లో పదోవంతు పట్టుదలతో “మా పొట్ట చూసి మందు రాయండి” అని అడిగి ఉంటే విద్య సగం బతికేది. వైద్య విద్యార్థులకు కంపో పాఠాలు చెబుతున్నారు. సంతోషం. పాఠంతో పాటు గురువు పక్కన నిలబెట్టి వంద పొట్టలు తడమనివ్వండి. పుస్తకం కళ్ళకు అందుతుంది, హస్తవాసి వేళ్ళకే అందాలి.

మనకూ ఒక మాట. ఎవరైనా జపాన్ మూలికల పొడి అని డబ్బా చేతిలో పెట్టబోతే పదార్థాల పట్టిక తర్వాత చదవండి. ముందు ఒక్కటే అడగండి: “నా పొట్ట ఎవరు చూశారు?”