పదో వంతు గ్రెయిన్ పంచాయితీ

ఈ వారం నన్ను చిరాకు పెట్టింది ఒక అట్టపెట్టె. దాని మీద 'ఇంతకు మించిన ఖచ్చితత్వం లేదు' అనే అర్థం వచ్చే ఇంగ్లిషు ముక్క మెరుపు అక్షరాల్లో ఉంది. లోపల అరచేతిలో ఇమిడే డిజిటల్ త్రాసు. తెచ్చింది మా వీధి చివర ఉండే కరీంనగర్ అబ్బాయి. ఆదివారాలు నాతోపాటు షూటింగ్ రేంజికి వస్తుంటాడు, ఈమధ్యే ఇంట్లో తూటాలు నింపుకోవడం మొదలుపెట్టాడు.

"అంకుల్, అదే గిన్నె, అదే పౌడర్. పెట్టినప్పుడల్లా ఒక తీరు చూపిస్తుంది. ఏ అంకె నమ్మాలె?" అన్నాడు.

నా ముల్లు గడియారం గోల, పెట్రోలు బంకు మీటర్ల గోల ఏళ్ల తరబడి భరిస్తున్న పాఠకులకు నేనేమని ఉంటానో వేరే చెప్పక్కర్లేదు. "ముల్లు ఉన్నదాన్ని నమ్ము, అంకె చూపేదాన్ని అనుమానించు" అన్నాను. ఆ అబ్బాయి తలూపి వెళ్లిపోయాడు గానీ, ఆ రాత్రంతా నాకే ఆ జవాబు మింగుడుపడలేదు.

కొత్తగా ఈ పేజీకి వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. కాల్చాక మిగిలే ఇత్తడి కేసును పారేయకుండా, పాత ప్రైమర్ తీసి, కేసును మళ్లీ అసలు కొలతకు నొక్కి, కొత్త ప్రైమర్ పెట్టి, పౌడర్ పోసి, బుల్లెట్ బిగిస్తారు. దాన్నే రీలోడింగ్ అంటారు. ఇక్కడ టెక్సాస్‌లో ఇది చాలామందికి గరాజ్‌లో చేసుకునే కాలక్షేపం. సొంత వాడకానికైతే అమెరికాలో ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. మన దేశంలో మాత్రం 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. కాబట్టి గుంటూరు, వరంగల్ పాఠకులు దీన్ని ఇక్కడి ముచ్చటగానే చదువుకోండి.

ఈ పనికి గుండెకాయ తూకం. దాని కొలత గ్రెయిన్: పౌనుకు 7000, గ్రాముకు 15.43. ఒక మాదిరి రైఫిల్ తూటాలో పౌడర్ నలభై, నలభై అయిదు గ్రెయిన్ల చుట్టూ ఉంటుంది. త్రాసు కంపెనీలన్నీ గొప్పగా చెప్పుకునేది 0.1 గ్రెయిన్ తేడా లోపు తూస్తామని. అంటే ఆరున్నర మిల్లీగ్రాములు. ఈ పదో వంతు గ్రెయిన్ మీదే రేంజిలో అరుగు మీద కూర్చున్న పెద్దలంతా రెండు పార్టీలుగా చీలిపోయారు. ఒకటి కాడ త్రాసు పార్టీ, రెండోది డిజిటల్ పార్టీ. నేను పుట్టుకతో మొదటి పార్టీ.

డిజిటల్ మీద నా ఫిర్యాదులు ఉత్త ముసలి గొణుగుడు కావు. చవక త్రాసు లోపల ఉండేది లోడ్ సెల్, అంటే బరువు పడితే వీసమెత్తు వంగే ఒక లోహపు ముక్క. ఆ వంపును కరెంటు కొలిచి అంకెగా మారుస్తుంది. గది వేడి మారితే ఆ లోహం మారుతుంది, అంకె మారుతుంది. స్విచ్ వేసిన వెంటనే తూస్తే ఒకలా, అరగంట వేడెక్కాక తూస్తే ఇంకోలా ఉంటుంది. ఏసీ గాలి నేరుగా తగిలినా ఊగుతుంది, చలికాలపు పొడిగాలిలో ప్లాస్టిక్ గిన్నె స్థిర విద్యుత్తు పట్టుకున్నా ఊగుతుంది. అన్నిటికన్నా గడుసుది ఇంకొకటుంది. సున్నా దగ్గర వచ్చే చిన్న మార్పుల్ని ఈ యంత్రం 'నేనే కాస్త జారాను కాబోలు' అనుకుని తనే సున్నాకు సర్దేస్తుంది. దాన్ని ఆటో జీరో అంటారు. గిన్నెను సున్నా చేసి పౌడర్‌ను ఒక్కో పలుకు చొప్పున రాల్చడం మొదలుపెడితే తొలి పలుకులు లెక్కలోకే రాకపోవచ్చు. బరువు మీద ఉన్నప్పుడు కూడా కొన్ని చవక త్రాసులు అంకెను కదలనివ్వవు. గిన్నె ఎత్తి మళ్లీ పెడితే గానీ నిజం ఒప్పుకోవు. గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారే, ఈ త్రాసుకూ అంతే. ఎంత తప్పినా అంకెను మాత్రం వెలుగులో నిబ్బరంగా చూపిస్తుంది.

కాడ త్రాసు అలా కాదు. నా దగ్గరున్నది ఆర్‌సీబీఎస్ పేరు మీద అమ్మిన 5-0-5. తయారు చేసింది ఓహాస్ కంపెనీ. గట్టిపరచిన ఉక్కు అంచులు అగేటు రాళ్ల మీద ఆనుకుని ఊగుతాయి. కాడకు తగిలించిన రాగి రేకు అయస్కాంతాల మధ్య కదులుతుంటే ఊపు దానంతటదే తగ్గి ముల్లు నిలుస్తుంది. బ్యాటరీ లేదు, వేడెక్కడం లేదు. దుమ్ము పడితే ముల్లు కదలిక బద్ధకించి అక్కడే తెలిసిపోతుంది. తన జబ్బు తనే బయటపెట్టే పరికరం అది.

ఈ అభిమానం నాకు అమెరికాలో అబ్బింది కాదు, ప్రొద్దుటూరులోనే అబ్బింది. బంగారానికి పేరుపడ్డ ఊళ్లో పుట్టినవాడికి త్రాసు చూడకుండా చిన్నతనం గడవదు. మా అవ్వ నగ చేయించాలన్నా చెరిపించాలన్నా నన్ను వెంటబెట్టుకుని ఆచారి గారి దగ్గరకు పోయేది. చాప, కుంపటి, ఊదుగొట్టం, పటకార్లు, మూసలు. వాటి మధ్య అద్దాల పెట్టెలో త్రాసు ఒక్కటే పూజగదిలో విగ్రహం మాదిరి ఉండేది. తూచే వేళకు ఆచారి గారు ఊదుగొట్టం పక్కన పెట్టి, వీధి వాకిలి చేరవేయించి, పెట్టె తలుపు మూసి, ముల్లు నిలిచేదాకా మాట్లాడేవారు కాదు. మేమూ ఊపిరి బిగబట్టాల్సిందే. ఏసీ గాలి గురించి త్రాసుల పుస్తకాల్లో రాసే జాగ్రత్తలన్నీ నేను ఆ చాప మీదే నేర్చుకున్నాను.

అవ్వకు చదువు లేదు గానీ తూకం తెలుసు. ముల్లు నిలిచాక ఆమె అడిగే మాట ఒకటే ఉండేది: "ఆచారీ, ఈ పక్కది ఆ పక్క పెట్టు నాయనా." ఆయన నొచ్చుకునేవారు కాదు. "అట్లేమ్మా, నీ ముందరే మారుస్తా" అని నగను రాళ్ల తట్టలోకి, రాళ్లను నగ తట్టలోకి మార్చేవారు. కాడ రెండు వైపులా సమానంగా లేకపోతే, తట్టలు మార్చగానే ముల్లు ఒక పక్కకు వాలుతుంది. భౌతిక శాస్త్రం పాఠాల్లో ఈ పద్ధతి నాకు చాలా ఏళ్ల తర్వాత ఎదురైంది. చదువుతున్నంతసేపూ పుస్తకం రాసినాయన మా అవ్వ దగ్గర నేర్చుకున్నట్టే అనిపించింది.

అది చాలదన్నట్టు ఆమె కొంగు ముడిలో ఒక వెండి రూపాయి ఉండేది. అది ఖర్చుకు కాదు. 1835 నుంచి బ్రిటిష్ రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే సరిగ్గా ఒక తులం. ఈ రోజు నేను గరాజ్‌లో పౌడర్ తూచే గ్రెయినూ, అవ్వ రూపాయిలోని గ్రెయినూ ఒకటే. గ్రాముల్లో చెప్పాలంటే ఆ తులం 11.66. ఇప్పుడు మన నగల దుకాణాల్లో పది గ్రాములకే తులం అంటున్నారనుకోండి, అది వేరే పంచాయితీ. ఆచారి గారి తులం రాయి ఒక తట్టలో, తన రూపాయి ఇంకో తట్టలో పెట్టించి చూశాకే అవ్వ నగ బయటకు తీసేది. "రూపాయి అరిగి ఉంటుందమ్మా, కాస్త తక్కువే తూగుతుంది" అని ఆయన ముందే చెప్పేవారు. ఆ అరుగుదల ఎంతో ఇద్దరికీ తెలుసు. నమ్మకం అనేది త్రాసులో లేదు, ఇద్దరికీ తెలిసిన ఆ మూడో వస్తువులో ఉంది. తులాభారం నాడు సత్యభామ ముందు ఇలాంటి రూపాయి ఒకటి వేసి చూసుకుని ఉంటే కథ వేరేగా ఉండేది.

ఇక్కడిదాకా చదివినవాళ్లు ఈ వారం తీర్పు ఎటు పోతుందో ఊహించేసి ఉంటారు. నేనూ అటే పోదామని కూర్చున్నాను. కానీ ఆ చాప మీద జరిగిన ఇంకో సంగతి గుర్తుకొచ్చి అడ్డం తగిలింది.

ఆచారి గారు రాళ్లు తట్టలో వేసేటప్పుడు ఒక్కొక్కదాన్నీ పైకి చెప్పి వేసేవారు. తీసేటప్పుడు మళ్లీ పైకి చెప్పి తీసేవారు. అవ్వ కూడా వెంట లెక్క అప్పజెప్పేది. అదేదో మంత్రం అనుకునేవాణ్ని. ఎందుకని అడిగితే ఆయన అన్న మాట ఇది: "వీసం తేడా వస్తే కూలిలో సర్దుకుంటాం అబ్బాయ్. తులం రాయి మరిస్తే కొంప మునుగుతుంది."

పదో వంతు గ్రెయిన్ వీసం లాంటిది. ఆ తేడా వస్తే కాగితం మీద చిల్లు కాస్త పక్కకు పడుతుంది, అంతే. ఆ మాటకొస్తే 100, 200 గజాల బెంచ్‌రెస్ట్ పోటీల్లో, అన్ని తూటాలూ ఒకే చిల్లులో దూర్చాలని చూసే మహానుభావుల్లో చాలామంది పౌడర్‌ను తూచనే తూచరు. పోటీ జరిగే చోటే మీటకొట్టే పరికరంతో, ఘనపరిమాణం లెక్కన పోసేస్తారు. మన కంఠశోష అంతా వాళ్లు పట్టించుకోని తేడా గురించేనన్నమాట.

మరి తులం రాయి ఏది? నా కాడ త్రాసులోనే ఉంది. కుడి పక్క చిన్న గుండ్లు పది గ్రెయిన్ల లోపు లెక్క చూస్తాయి. ఎడమ పక్క పెద్ద గుండు ఒక్కో గాడికి పది గ్రెయిన్లు జరుగుతుంది. ఫోను మోగి, ఎవరో పిలిచి, ఆ గుండు ఒక గాడి అవతల పడిందనుకోండి. ముల్లు అంతే బుద్ధిగా సున్నా దగ్గర నిలుస్తుంది. నలభై ఉండాల్సిన చోట యాభై పడుతుంది. పౌడర్ పెరిగిన లెక్కనే ఒత్తిడి పెరగదు, అంతకన్నా వేగంగా పెరుగుతుంది. తుపాకీ పగలొచ్చు, కన్ను పోవచ్చు. ముప్ఫయ్యేళ్ల అలవాటున్నవాడు కాడ మీది గాడి రెండుసార్లు చదువుతాడు. మొన్ననే మొదలుపెట్టిన కుర్రాడు ముల్లునే చూస్తాడు, గాడిని చూడడు. డిజిటల్‌కు ఎన్ని జబ్బులున్నా 50 అని రాసి ఉన్నదాన్ని 40 అని చదివేవాడు అరుదు.

అందుకని నా పార్టీకి నేనే వెన్నుపోటు పొడుస్తున్నాను. కొత్తవాడికి డిజిటలే మంచిది. కరీంనగర్ అబ్బాయికి ఫోన్ చేసి అదే చెప్పాను. "మొన్న ఉల్టా చెప్పిన్రు గదా అంకుల్" అన్నాడు. చెప్పాను, ఇప్పుడు మార్చుకున్నాను.

అయితే ఏ డిజిటలైనా సరేనని కాదు. అతను తెచ్చినది 0.1 గ్రాము దాకా మాత్రమే తూచే రకం. అంటే ఒక మెట్టుకు గ్రెయిన్నర. వంటింట్లో మసాలాకు సరిపోతుంది, తూటాకు పనికిరాదు. గ్రెయిన్లలో 0.1 దాకా చూపేది కనీస అర్హత. ఎ అండ్ డి వాళ్ల ఎఫ్‌ఎక్స్-120ఐ లాంటి ప్రయోగశాల త్రాసులు 0.02 గ్రెయిన్ దాకా పోతాయి. వాటిలో వంగే లోహం బదులు విద్యుదయస్కాంత బలంతో తూస్తారు కాబట్టి నిలకడ ఎక్కువ, ధరా ఎక్కువే. వెయ్యి గజాల పోటీలకు పోయేవాళ్లకు అది అవసరం. మిగతావాళ్లకు వీసం మీద మోజు.

దేన్ని కొన్నా కొంగున కట్టుకోవాల్సిన రూపాయి మాత్రం ఉండాలి. త్రాసుతో వచ్చే 50 గ్రాముల రాయి 771 గ్రెయిన్ల పైన తూగుతుంది. మీరు తూచేది నలభై. ఆ ఎత్తున సరిగ్గా ఉన్న త్రాసు ఈ ఎత్తున సరిగ్గా ఉంటుందన్న హామీ లేదు. ఎం1 తరగతి రాళ్లు ఒకటి 1 గ్రాముది, ఒకటి 2 గ్రాములది కొనుక్కోండి. రెండూ కలిపితే 46.3 గ్రెయిన్లు, రైఫిల్ మందు ఉండే చోటే. 2 గ్రాముల ఎం1 రాయిలో అనుమతించే తేడా 1.2 మిల్లీగ్రాములు. మన పదో వంతు గ్రెయిన్‌లో అది ఐదో వంతు కూడా కాదు. చేత్తో తాకకుండా పట్టకారుతో తీయండి, వేలి జిడ్డుకూ బరువుంది. మొదలుపెట్టేముందు, మధ్యలో, ముగించేటప్పుడు రాళ్లు పెట్టి చూడండి. గిన్నెతో సున్నా చేశాక గిన్నె ఎత్తితే వచ్చే మైనస్ అంకెను రాసిపెట్టుకోండి. అది మారిందంటే సున్నా జారినట్టే.

ఏ త్రాసూ పట్టలేని ప్రమాదం ఇంకొకటుంది. 38 స్పెషల్ నల్ల తుపాకిమందు కాలంలో పుట్టిన తూటా. ఇప్పటి పౌడర్ కొంచెమే పడుతుంది కాబట్టి ఒకే కేసులో రెండుసార్లు పోసినా పొంగదు. బుల్లెట్ బిగించేముందు దీపం పట్టి ప్రతి కేసులోకీ తొంగి చూడాల్సిందే. బల్ల మీద ఒకే పౌడర్ డబ్బా ఉండాలి. అంకెను పైకి చదవండి, పక్కన ఎవరూ లేకపోయినా సరే.

మన ఊళ్లో దుకాణదారుడి రాళ్లకు రెండేళ్లకోసారి, ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలని నిబంధన ఉంది. గరాజ్‌లోకి ఆ ఇన్‌స్పెక్టర్ రాడు. ఆ ముద్ర మీరే వేసుకోవాలి. కాబట్టి ఇంట్లో ఈ పని పెట్టుకున్నవాళ్లకు నా మనవి: ముందు రాళ్లు కొనండి. ఏ త్రాసు అన్నది ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు.