భ్రాంతి, భయం, బాయి పని: సింగరేణి సాహిత్య పఠనంలో ఒక వివేచన

ఉపోద్ఘాతం

లేని గొంతు వినిపించడం భ్రాంతి. ఎవరో హాని తలపెట్టారని ఆధారం లేకుండా గట్టిగా నమ్మడం పీడనాభ్రమ. తెలుగు విమర్శ ఈ రెండింటికీ కారణాలను ఎక్కువగా పాత్ర మనసులోనే వెదికింది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ ఈ పద్ధతికి అనువైన నవల. వంశప్రతిష్ఠ నిలపాలన్న తండ్రి మాట, కరిగిపోయిన ఆస్తి సీతారామారావు అంతస్సంఘర్షణను వివరిస్తాయి. గోదావరిఖని గని కార్మికుని పాత్రకు ఈ కొలమానం ఒక్కటే చాలదు.

శరీరం

వైద్యుడు మానసిక వ్యాధిని నిర్ధారించే ముందు శారీరక కారణాలను పరిశీలిస్తాడు. విమర్శకుడికీ ఆ క్రమం అవసరమే. రాత్రి షిఫ్టు నిద్రలయను చెదరగొడుతుంది. తీవ్రమైన నిద్రలేమిలో లేని ఆకారాలు కనిపించవచ్చు. ఏళ్ల తరబడి అతిగా తాగినవారు హఠాత్తుగా మద్యం మానితే, సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల్లో వణుకు, తికమక, భ్రాంతులతో కూడిన ‘డెలీరియం ట్రెమెన్స్’ రావచ్చు. చికిత్స అందకపోతే అది ప్రాణాంతకం. గనిలో ఆక్సిజన్ తగ్గినా, కార్బన్ మోనాక్సైడ్ చేరినా తెలివి మసకబారుతుంది.

దుఃఖం

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిని నీరు ముంచెత్తి 17 మంది మరణించారు. అటువంటి ప్రమాదం తరువాత చనిపోయినవారి గొంతు వినిపించిందని ఒక పాత్ర చెబితే, దానిని వెంటనే ఉన్మాదమనో, దెయ్యం కథ అనో తేల్చరాదు. ఆప్తులను కోల్పోయినవారికి అటువంటి అనుభవం కలగడం అరుదు కాదు. అది ఒక్కటే రోగలక్షణం కాదు.

చరిత్ర

అల్లం రాజయ్య, పి. చందు వంటి రచయితలు బొగ్గుగని కార్మికుల జీవితాన్ని, పోరాటాలను చిత్రించారు. కార్మికోద్యమంపై నిర్బంధం సాగిన కాలంలో తనను ఎవరో గమనిస్తున్నారన్న అనుమానానికి ఆధారం ఉండవచ్చు. ఆధారమున్న భయం పీడనాభ్రమ కాదు. దానిని రోగమంటే చరిత్ర చెరిగిపోతుంది. నిజంగా జబ్బుపడిన మనిషి భయాన్ని కేవలం రాజకీయ చైతన్యానికి ప్రతీకగా చదివితే అతని బాధ కనుమరుగవుతుంది.

ముగింపు

కనుక సింగరేణి కథలోని భ్రాంతిని చదివేటప్పుడు ముందు పాత్ర నిద్రను, తాగుడును, పనిచోటి గాలిని, ఆపై దుఃఖాన్ని, భయానికున్న ఆధారాన్ని గమనించాలి. ప్రతీకార్థం ఆ తరువాతి మాట. ఈ క్రమం తప్పితే, గ్రామంలో భూతవైద్యుడు చేసే పొరపాటునే విమర్శ శాస్త్రీయ పరిభాషలో చేసినట్లవుతుంది.