డిఫాల్ట్ విలువ ఒక్కసారే: ఒక పైథాన్ నియమంపై విమర్శనాత్మక పరిశీలన

ఫంక్షన్ రాయడం, దానికి ఆర్గ్యుమెంట్లు పంపడం, పంపనప్పుడు పనికివచ్చేలా డిఫాల్ట్ విలువ ఇచ్చి ఉంచడం వెనుకటి యూనిట్లలో నేర్చుకున్నారు. ఒక భాషలోని నియమాన్ని తెలుసుకోవడం ఒక పని. ఆ నియమం మంచిదేనా, దానివల్ల ఎవరికి సౌకర్యం, ఎవరికి ఇబ్బంది అని అడగడం మరో పని. పాఠ్యపుస్తకాలు సాధారణంగా మొదటి పనితో ఆగిపోతాయి. ఈ వ్యాసంలో రెండో పని చేద్దాం. అందుకు తీసుకున్న నియమం ఇది: ఫంక్షన్ డిఫాల్ట్ విలువను పైథాన్ ఒక్కసారి మాత్రమే లెక్కకడుతుంది. ఫంక్షన్‌ను పిలిచినప్పుడు కాదు, నిర్వచించినప్పుడు.

ముందుగా ఒక సూచన. ఇక్కడి కోడ్‌ను తెలుగు లిపిలో చూపించాం. డెఫ్, రిటర్న్ వంటి కీలక పదాలను, భాషలో ముందే ఉన్న పేర్లను కంప్యూటర్‌లో ఆంగ్ల అక్షరాలతోనే టైపు చేయాలి. మీరు పెట్టుకునే ఫంక్షన్ల, వేరియబుళ్ల పేర్లు మాత్రం తెలుగులోనే ఉన్నా పైథాన్ 3 అంగీకరిస్తుంది.

ఒక కిరాణా దుకాణం బిల్లు

కొనుగోలుదారు అడిగిన వస్తువును బిల్లులో చేర్చే చిన్న ఫంక్షన్ రాద్దాం. బిల్లు ఇంకా మొదలుకాకపోతే ఖాళీ జాబితాతో మొదలుపెట్టాలని మన ఉద్దేశం.

డెఫ్ చేర్చు(వస్తువు, బిల్లు=[]):
    బిల్లు.అపెండ్(వస్తువు)
    రిటర్న్ బిల్లు

మొదటి కొనుగోలుదారు కోసం చేర్చు("బియ్యం") అని పిలిస్తే ['బియ్యం'] వస్తుంది. సరిగానే ఉంది. రెండో కొనుగోలుదారు కోసం చేర్చు("చింతపండు") అని పిలిస్తే ['బియ్యం', 'చింతపండు'] వస్తుంది. ఆయన బియ్యం కొనలేదు. అంతకంటే వింత ఇంకొకటి ఉంది. మొదటి ఫలితాన్ని ఒక వేరియబుల్‌లో దాచుకొని ఇప్పుడు మళ్లీ ముద్రించి చూడండి. అందులోనూ చింతపండు చేరి ఉంటుంది. సరిగ్గా వచ్చిందనుకున్న బిల్లు కూడా మన వెనుక మారిపోయింది.

కారణం ఇది. పైథాన్‌లో డెఫ్ అనేది కేవలం ప్రకటన కాదు, అమలయ్యే వాక్యం. ప్రోగ్రాం ఆ వరుసకు వచ్చినప్పుడు ఫంక్షన్ అనే వస్తువు తయారవుతుంది. బిల్లు=[] అన్నచోట ఉన్న ఖాళీ జాబితా కూడా అప్పుడే, ఒకే ఒకటి, తయారై ఆ ఫంక్షన్‌కు అతుక్కుని ఉంటుంది. దుకాణదారు ప్రతి మనిషికీ కొత్త చీటీ తీస్తాడని మనం అనుకున్నాం. ఆయన మాత్రం పొద్దున్న తీసిన ఒకే చీటీ మీద అందరి సరుకులూ రాసుకుంటూ పోతున్నాడు.

లోపాన్ని పట్టుకోవడం ఎందుకు కష్టం

ఈ లోపం విద్యార్థిని ప్రత్యేకంగా వేధించడానికి కారణం ఉంది. మీరు ప్రోగ్రాం రాస్తారు, ఒక వస్తువుతో నడుపుతారు, సరైన జవాబు వస్తుంది. ప్రోగ్రాం ముగుస్తుంది. మరో వస్తువుతో మళ్లీ నడుపుతారు, మళ్లీ సరైన జవాబే. ప్రతిసారీ ప్రోగ్రాం కొత్తగా మొదలవుతుంది కాబట్టి డెఫ్ కొత్తగా అమలై, జాబితా కొత్తగా పుడుతుంది. ఒకే పరుగులో రెండుసార్లు పిలిచినప్పుడే లోపం బయటపడుతుంది. అంటే జాగ్రత్తగా ఒక్కొక్కటిగా పరీక్షించేవారికే ఇది కనబడకుండా దాక్కుంటుంది. నెలల తరబడి ఆగకుండా నడిచే వెబ్ సర్వర్‌లో ఇదే తప్పు ఉంటే, ఒకరి వివరాలు మరొకరి తెరపై కనిపించే ప్రమాదం ఉంది. కిరాణా బిల్లులో చింతపండు చేరితే నవ్వుకుంటాం. వైద్య పరీక్షల ఫలితాలో, బ్యాంకు లావాదేవీలో అయితే నవ్వలేం.

పైగా ఎలాంటి దోష సందేశమూ రాదు. అధ్యయన కేంద్రంలో సంపర్క తరగతి వచ్చే ఆదివారం. అంతవరకు ఇంట్లో ఒంటరిగా కూర్చొని చదువుకునే వ్యక్తికి తెరపై వచ్చే ఎర్ర అక్షరాలే ఉపాధ్యాయులు. అవి కూడా మౌనంగా ఉంటే తప్పు తన తర్కంలో ఉందనుకొని, బాగున్న వరుసలన్నీ చెరిపి మళ్లీ రాయడం మొదలుపెడతారు.

ఇలాంటి అనుమానం కలిగినప్పుడు చేయవలసిన తనిఖీ సులభం. ఫంక్షన్‌ను ఒకే పరుగులో రెండుసార్లు పిలవండి. వచ్చిన రెండు ఫలితాలను ఈజ్ అనే ఆపరేటర్‌తో పోల్చండి. ట్రూ అని వస్తే ఆ రెండూ వేర్వేరు జాబితాలు కావు, ఒకే జాబితాకు రెండు పేర్లు. ఆ తర్వాత చేర్చు.__డిఫాల్ట్స్__ ను ముద్రించండి. (డిఫాల్ట్స్ అనే మాటకు అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లు ఉండాలి.) ఫంక్షన్ తన దగ్గర దాచుకున్న డిఫాల్ట్ విలువ అక్కడ కనిపిస్తుంది. ఖాళీగా ఉండవలసిన జాబితాలో బియ్యం, చింతపండు రెండూ దొరుకుతాయి.

వాడుకలో ఉన్న మందు, దాని లోపాలు

దీనికి పైథాన్ ప్రోగ్రామర్లు వాడే పరిష్కారం అందరికీ తెలిసినదే. డిఫాల్ట్‌గా నన్ ఇచ్చి, ఫంక్షన్ లోపల జాబితాను తయారు చేసుకోవడం.

డెఫ్ చేర్చు(వస్తువు, బిల్లు=నన్):
    ఇఫ్ బిల్లు ఈజ్ నన్:
        బిల్లు = []
    బిల్లు.అపెండ్(వస్తువు)
    రిటర్న్ బిల్లు

ఇది పనిచేస్తుంది. కానీ ఇది పూర్తిగా శుభ్రమైన పరిష్కారం కాదు. చాలామంది రెండో వరుసను కుదించి ఇఫ్ నాట్ బిల్లు: అని రాస్తారు. అప్పుడు కొత్త చిక్కు వస్తుంది. ఎవరైనా కావాలనే తమ ఖాళీ జాబితాను పంపితే, ఖాళీ జాబితా కూడా అసత్యంగానే లెక్కకు వస్తుంది కాబట్టి ఫంక్షన్ దాన్ని పక్కన పెట్టి వేరే జాబితాలో రాస్తుంది. పంపినవారి జాబితా ఖాళీగానే మిగిలిపోతుంది. ఒక గోతిని తప్పించుకోబోయి పక్క గోతిలో పడ్డట్టు. ఇంకో చిక్కు, నన్ అనేదే అర్థవంతమైన విలువగా వాడవలసిన చోట ఈ పద్ధతి చెల్లదు. అన్నిటికీ మించి, ఫంక్షన్ మొదటి వరుస చదివినవారికి అసలు డిఫాల్ట్ ఖాళీ జాబితా అని తెలియదు. నిజం లోపల ఉంది, తలుపు మీద రాసిన పేరు వేరు.

పాఠ్యపుస్తకాల మీద కూడా ఇక్కడ ఒక ఫిర్యాదు. చాలావరకు అవి దీన్ని మార్చదగిన విలువల సమస్యగా వర్ణిస్తాయి. జాబితా, డిక్షనరీ, సెట్ ఇవ్వకండి, సంఖ్యలు, స్ట్రింగులు ఇవ్వండి, అంతే అంటాయి. ఇది సగం నిజం. రసీదు(మొత్తం, సమయం=డేట్‌టైమ్.నౌ()) అని ఒక ఫంక్షన్ రాశారనుకోండి. డేట్‌టైమ్ విలువ మార్చలేనిదే. అయినా ఉదయం 9 గంటలకు ప్రోగ్రాం మొదలైతే సాయంత్రం దాకా ఇచ్చిన ప్రతి రసీదు మీదా 9 గంటలే ఉంటుంది. కాబట్టి సమస్య విలువ మారుతుందా లేదా అన్నది కాదు, దాన్ని ఎప్పుడు లెక్కకట్టారు అన్నది. ఈ తేడా పట్టుబడితే తక్కిన చర్చ తేలికవుతుంది.

నియమాన్ని సమర్థించేవారి వాదం

జావాస్క్రిప్ట్‌లో 2015 ప్రమాణంతో డిఫాల్ట్ విలువలు వచ్చాయి. అక్కడ ప్రతి పిలుపుకూ వాటిని కొత్తగా లెక్కకడతారు. రూబీలోనూ అంతే. అలాంటప్పుడు పైథాన్ మాత్రమే ఎందుకు మొండికేయాలి?

సమర్థకుల జవాబులు కొట్టిపారేయదగినవి కావు. డెఫ్ అమలయ్యే వాక్యం అయినప్పుడు అందులోని వ్యక్తీకరణ కూడా అప్పుడే అమలు కావడం పొందికైన సంగతి. ఒకసారి లెక్కకట్టి దాచుకుంటే ప్రతి పిలుపుకూ ఆ శ్రమ ఉండదు. ఫంక్షన్‌ను పిలవకుండానే దాని డిఫాల్ట్ ఏమిటో హెల్ప్ ద్వారా చూడవచ్చు. ఒకసారి చేసిన లెక్కను దాచుకోవడానికి కొందరు ఈ డిఫాల్ట్ డిక్షనరీనే కావాలని వాడతారు. పైథాన్ అధికారిక ప్రశ్నోత్తరాలలో ఈ ప్రయోజనం ప్రస్తావన ఉంది. అయితే ఈ చివరి వాదానికి ఇప్పుడు బలం తక్కువ. 2011లో విడుదలైన పైథాన్ 3.2 నుంచి ఇదే పనికి ఫంక్‌టూల్స్‌లో ఎల్‌ఆర్‌యూ క్యాష్ ఉంది.

అన్నిటికంటే బలమైన సమర్థన వేరే చోట ఉంది. ఇది చూడండి.

పనులు = []
ఫర్ ఐ ఇన్ రేంజ్(3):
    పనులు.అపెండ్(లాంబ్డా: ఐ)

ఈ మూడు చిన్న ఫంక్షన్లను తర్వాత పిలిస్తే 0, 1, 2 రావాలని ఆశిస్తాం. 2, 2, 2 వస్తాయి. ఫంక్షన్ లోపలి ఐ విలువను పైథాన్ పిలిచిన క్షణంలో వెతుకుతుంది. అప్పటికి లూప్ ముగిసి ఐ విలువ 2 దగ్గర ఆగి ఉంటుంది. దీనికి ప్రోగ్రామర్లు చేసే చికిత్స లాంబ్డా ఐ=ఐ: ఐ అని రాయడం. డిఫాల్ట్ విలువను నిర్వచించిన క్షణంలోనే లెక్కకడతారు కాబట్టి 0, 1, 2 మూడూ విడివిడిగా నిలిచిపోతాయి. బిల్లులో రోగమైన నియమమే ఇక్కడ మందైంది. నియమాన్ని తిరగరాస్తే ఈ పద్ధతి మీద ఆధారపడిన ప్రోగ్రాంలన్నీ కూలిపోతాయి. అందువల్ల ఇప్పుడు నియమాన్నే మార్చమని అడగడం న్యాయం కాదని ఈ రచయిత అభిప్రాయం.

మౌనం మాత్రం సమర్థనీయం కాదు

నియమం వేరు, నియమం గురించి హెచ్చరించడం వేరు. ఈ రెండో విషయంలో పైథాన్ తన మాట తానే నిలబెట్టుకోలేదు.

పైథాన్ 2లో 7/2 అంటే 3 వచ్చేది. సగటు లెక్కల్లో భిన్నభాగం చప్పుడు లేకుండా మాయమయ్యేది. దీన్ని సరిదిద్దాలని 2001లో 238వ సంఖ్య గల ప్రతిపాదన వచ్చింది. భాష సృష్టికర్త గీడో వాన్ రోసమ్ దాని రచయితల్లో ఒకరు. 2008 డిసెంబరులో విడుదలైన పైథాన్ 3.0లో 7/2 విలువ 3.5 అయింది, పాత అర్థానికి // మిగిలింది. ఎన్నో పాత ప్రోగ్రాంలను తిరిగి రాయవలసి వచ్చినా భాష వెనకాడలేదు. చప్పుడు లేకుండా వచ్చే తప్పు జవాబు అంత ప్రమాదకరమని ఆనాడు ఒప్పుకున్నారు.

2019లో వచ్చిన 3.8 వెర్షన్ ఇంకా దగ్గరి ఉదాహరణ. అప్పటి నుంచి ఎవరైనా సంఖ్యను గాని స్ట్రింగ్‌ను గాని ఈజ్‌తో పోలిస్తే పైథాన్ హెచ్చరిక చూపి, == వాడబోయారా అని అడుగుతుంది. ఆ కోడ్ వ్యాకరణపరంగా తప్పు కాదు, ప్రోగ్రాం ఆగదు, కేవలం అనుమానాస్పదం. 2021లో వచ్చిన 3.10 మూయడం మరిచిన బ్రాకెట్ ఎక్కడ తెరిచారో చెబుతుంది, పేరు తప్పు టైపు చేస్తే దగ్గరి పేరు సూచిస్తుంది. కొత్తవారితో మాట్లాడటానికి ఇంత శ్రద్ధ తీసుకున్న భాష బిల్లు=[] దగ్గర మాత్రం నోరు విప్పదు.

ఇది ప్రమాదమని భాషకు తెలియదా అంటే, తెలుసు. అధికారిక ట్యుటోరియల్ దీన్ని ముఖ్యమైన హెచ్చరికగా ప్రస్తావిస్తుంది. పైలింట్ వంటి తనిఖీ ఉపకరణాలు దీన్ని ప్రమాదకరమైన డిఫాల్ట్‌గా పట్టి చూపుతాయి. వీటన్నిటినీ మించిన సాక్ష్యం 3.7లో చేరిన డేటాక్లాస్. అందులో ఒక క్షేత్రానికి డిఫాల్ట్‌గా ఖాళీ జాబితా ఇస్తే క్లాస్‌ను నిర్వచించిన చోటే వాల్యూఎర్రర్ వస్తుంది, డిఫాల్ట్ ఫ్యాక్టరీ వాడమని కూడా సందేశం చెబుతుంది. 3.11లో ఈ తనిఖీని ఇంకా విస్తరించారు. ఒకే భాష, ఒకే విధమైన పొరపాటు. క్లాస్‌లో చేస్తే ఆపుతారు, ఫంక్షన్‌లో చేస్తే చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఈ రెండు కొలతలకు పాత ప్రోగ్రాంల భయం తప్ప వేరే కారణం కనబడదు. హెచ్చరిక పాత ప్రోగ్రాంలను ఆపదు కాబట్టి ఆ భయం కూడా ఇక్కడ పూర్తిగా వర్తించదు. జాబితాను మార్చకుండా చదవడానికి మాత్రమే డిఫాల్ట్‌గా ఇచ్చేవారికి హెచ్చరిక విసుగు కలిగిస్తుందనవచ్చు. వారు ఖాళీ టపుల్ () వాడితే సరిపోతుంది.

2021లో క్రిస్ ఏంజెలికో 671వ ప్రతిపాదన చేశారు. బిల్లు=>[] అని రాస్తే ప్రతి పిలుపుకూ కొత్తగా లెక్కకట్టాలని దాని సారాంశం. 3.12, 3.13 వెర్షన్లు వచ్చినా అది భాషలో చేరలేదు. రసీదు సమయం వంటి చోట్ల అది అందమైన పరిష్కారమే. కానీ మన విద్యార్థి కోణం నుంచి చూస్తే దాని ప్రయోజనం పరిమితం. => రాయాలని తెలిసినవారికి నన్ పద్ధతీ తెలిసే ఉంటుంది. తెలియనివారు ఎప్పటిలాగే = రాస్తారు, ఎప్పటిలాగే చింతపండు పక్కవారి బిల్లులో చేరుతుంది. పైగా = కు, => కు తేడా ఏమిటన్నది మరో పాఠం అవుతుంది. కొత్త గుర్తు కంటే ఒక వరుస హెచ్చరిక ఎక్కువమందికి ఉపయోగం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మొదటి చేర్చు ఫంక్షన్‌లో అపెండ్ వరుసను తీసేసి బిల్లు = బిల్లు + [వస్తువు] అని రాసి, ఒకే పరుగులో రెండుసార్లు పిలవండి. తర్వాత అదే వరుసను బిల్లు += [వస్తువు] అని మార్చి మళ్లీ చూడండి. ఫలితాలు ఒకేలా రావు. రెండు సందర్భాల్లోనూ చేర్చు.__డిఫాల్ట్స్__ ను ముద్రించి, తేడాకు కారణం నాలుగైదు వాక్యాల్లో రాయండి.