చెడ్డ చలనచిత్రముల యాస్వాదము

గుణవంతమగు కావ్యమువలన నానందమును, దోషభూయిష్ఠమగు కావ్యమువలన విసుగును గలుగునని సామాన్యముగా నందఱును దలంతురు. చలనచిత్రముల విషయమున నీ నియమమునకుఁ బ్రతికూలమగు నొక యనుభవము లోకమునఁ గానవచ్చుచున్నది. కథ పొందిక లేనిది; సంభాషణ మస్వాభావికము; నటన కృతకము; ఉపకరణములు నాసిరకము. అయినను బ్రేక్షకులు మరల మరలఁ జూచి సంతోషించు చిత్రములు కొన్ని గలవు. అట్లు చూచువారు అవివేకులు కారు. మంచిచిత్ర మెట్టిదో చక్కఁగా నెఱిఁగినవారే. ఈ యానందమునకు మూలమేమి? దోషమే గుణమైనదా? లేక దోషమునకు వెనుక మఱియొకటి కలదా? మన యాలంకారికుల సిద్ధాంతములు ఈ ప్రశ్నకు సగము సమాధాన మిచ్చుచున్నవి. తక్కిన సగమును మనమే వెదకికొనవలసి యున్నది.

ఈ జాతిలో మిక్కిలి ప్రసిద్ధి గన్నది, అమెరికాదేశమున ఎడ్వర్డ్ వుడ్ అను దర్శకుఁడు 1956లోఁ జిత్రీకరించిన 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్'. 1957లోఁ దొలుత ప్రదర్శింపఁబడినప్పుడు దీని పేరు 'గ్రేవ్ రాబర్స్ ఫ్రమ్ ఔటర్ స్పేస్'. ధనమిచ్చినవారు బాప్టిస్టు క్రైస్తవులు. శ్మశానచోరు లను నర్థము గల యా పేరు వారికి సమ్మతము గాలేదు. గ్రహాంతరవాసులు భూమికి వచ్చి, గోరీలలోని శవములను లేపి, మానవులు సూర్యకాంతినే ప్రేలింపఁజేయు నాయుధమును గనుఁగొనకుండ నాపఁ జూచుట యిందలి యితివృత్తము. ఉద్దేశింపఁబడిన రసము భయానకము. మీఁదుమిక్కిలి యుద్ధోన్మాదమును గూర్చిన యొక గంభీరోపదేశమును గలదు.

తెఱమీఁదఁ గానవచ్చునది వేఱు. అట్టతోఁ జేసిన గోరీరాళ్లు నటుల తాఁకిడికి ఊఁగును. గ్రహాంతరనౌకలు దారములకు వ్రేలాడుచు వచ్చును. ఒకే సన్నివేశమున నొక క్షణము పగలు, మఱుక్షణము రాత్రి. 1931 నాఁటి 'డ్రాక్యులా' చిత్రముచే విఖ్యాతుఁడైన బేలా లుగోసీ 1956 ఆగస్టులో మరణించెను. వుడ్ అంతకుముందు తీసియుంచిన మూకదృశ్యములు కొలఁదినిమిషములకు మాత్రమే సరిపోయినవి. తక్కిన భాగమునకుఁ దన భార్యకు వెన్నెముకచికిత్స చేయు వైద్యు నొకని నాతని స్థానమున నిలిపెను. ఆ వైద్యుఁడు లుగోసీకంటెఁ బొడగరి. ముఖమునఁ బోలిక లేదు. కాఁబట్టి యతఁడు నల్లని యుత్తరీయముతో మొగము కప్పికొనియే చిత్రమంతటను సంచరించును. భయపడవలసినచోటఁ బ్రేక్షకుఁడు నవ్వును.

ఈ నవ్వునకుఁ గారణము శాస్త్రమున దుర్లభము గాదు. వికృతములగు వేషాలంకారాదులు హాస్యమునకు విభావములని భరతముని చెప్పెను. అనౌచిత్యముకంటె రసభంగకారణము మఱొకటి లేదని యానందవర్ధనుని సిద్ధాంతము. అభినవగుప్తుఁ డింకొక యడుగు ముందునకు వేసి, అనౌచిత్యముతోఁ బ్రవర్తించిన దేదైనను హాస్యమునకు విభావము కాఁగలదనియు, అందుచేఁ దక్కిన రసముల యాభాసములును హాస్యముగాఁ బరిణమించు ననియు నిరూపించెను. మొలనూలు మెడకును, హారము నడుమునకును దాల్చినవారు నవ్వులపాలగుదురని క్షేమేంద్రుఁడు చూపిన దృష్టాంతము నిట స్మరింపఁదగినదే. కావున 'ప్లాన్ 9' భయానకాభాసము. దాని ఫలము హాస్యము.

ఇంతవఱకు బాగుగనే యున్నది. అయిన నొక యాక్షేపము కలదు. అనౌచిత్యమాత్రమే చాలునేని చెడ్డచిత్రములన్నియు నవ్వింపవలయును గదా! అట్లు జరుగుట లేదు. వానిలోఁ బెక్కింటిని జూచినవారికి ఆవులింతయే ఫలము. ఏమియుఁ గోరక, లాభమునే తలఁచి, అచ్చుపోసినట్లు తీయఁబడిన చిత్రమున దోషము లెన్ని యున్నను హాస్యము పుట్టదు. ఏలన, అందు సంకల్పమే లేదు. సంకల్పము లేనిచోట భంగము గాఁదగినదియు లేదు. సంకల్పమును సిద్ధియుఁ బ్రక్కప్రక్కనే కానవచ్చి, వాని నడుమ దూర మత్యధికమైనప్పుడే యీ విలక్షణహాస్యము జనించును.

మృచ్ఛకటికమునందలి శకారుని దలంచికొందము. పురాణకథలను దాఱుమాఱు చేసి, హనుమంతుఁడు సుభద్రను హరించెనన్నట్టి మాటలు పలికి, తన్ను మహాపండితునిగా నతఁడు భావించుకొనును. సభ నవ్వును. కాని యా తప్పులన్నియు శూద్రకుఁడు తెలిసి కూర్చినవి; శకారుని యజ్ఞానము కవియొక్క నైపుణ్యము. ప్రహసనములన్నిటి తీరు నిదియే. 'ప్లాన్ 9' వంటి చిత్రమున నట్లు గాదు. అందుఁ గవియే తానెఱుఁగక శకారుని పీఠముపైఁ గూర్చుండినాఁడు. అందువలననే కావలయునని చెడ్డగాఁ దీసిన చిత్ర మీ యానందము నీయఁజాలదు. అమెరికా విమర్శకురాలు సూసన్ సోంటాగ్ 1964లోఁ బ్రకటించిన 'నోట్స్ ఆన్ క్యాంప్' అను వ్యాసమునఁ దన్నుఁ దానెఱుఁగని గాంభీర్యమే యిట్టి రుచికి శుద్ధమైన యాధారమని ప్రతిపాదించినది. ఆ మాట యిచ్చటఁ జక్కఁగా నన్వయించును.

ఇఁక నాలంకారికులు విడిచిన సగము. సత్కావ్యమునందుఁ గవి కనఁబడఁడు. పాత్రల వెనుక మఱుఁగుపడును. ఈ చిత్రములలో నతుకు విడిపోయి, సందులోనుండి కర్త కనఁబడును. లోపలి భావమును బైకిఁ దెలుపు చేష్టలను మనవా రనుభావములందురు. ఊఁగుచున్న గోరీరాయి భయమున కనుభావము గాలేదు గాని, చేతఁ గాసు లేకున్నను జిత్రము తీసితీరవలెనను మనుష్యుని యుత్సాహమున కనుభావమైనది. ఉత్తరీయము కప్పికొన్న వైద్యుఁడు ప్రేతమును దలఁపింపఁడు. పోయిన మిత్రుని కడపటి దృశ్యములను వృథపోనీయఁజాలని దర్శకుని దలఁపించును. ఉత్సాహము వీరమునకు స్థాయి. కథలోని రసము చెడఁగాఁ గర్తయందలి వీరము, ఒకింత కరుణముతోఁ గలిసి, ప్రేక్షకునకు గోచరించుచున్నది. పైపొర నవ్వు, లోపొర యిది. లోపొర లేనిదే మరలఁ జూడవలెనను కోరిక పుట్టదు.

మన పౌరాణికనాటకములయందు 'వన్స్ మోర్' అను కేకకు, మరణించిన పాత్ర లేచి పద్యమును మఱల పాడుట వృద్ధులెఱిఁగినదే. అచ్చటను రసభ్రాంతి తెగినది. అయినను సభ సంతోషించినది. తెగిన భ్రాంతిలోనుండి యచ్చట నటుని విద్య కనఁబడినది. ఇచ్చటఁ గర్త యాశ కనఁబడుచున్నది. భేద మంతియే.

ఈ వాదమును మఱియొక చిత్రముతోఁ బరీక్షింపవచ్చును. టామీ వైసో అనునతఁడు తానే రచయితయు, దర్శకుఁడును, నిర్మాతయు, నాయకుఁడునై 2003లో 'ది రూమ్' అను విషాదకథను లాసేంజిలిసునఁ బ్రదర్శించెను. పాతపద్ధతి ఫిల్ము కెమెరాను, డిజిటల్ కెమెరాను బ్రక్కప్రక్కన నిలిపి యేకకాలమున రెంటితోను జిత్రీకరించెను. అందొక తల్లి తనకుఁ బుట్టకురుపు వ్యాధి సోఁకినదని కూఁతునితోఁ జెప్పును. ఆ ప్రసంగము మరల రాదు. గదిలోని పటమున నకారణముగా నొక చెంచా చిత్రింపఁబడి యున్నది. అది కనఁబడినప్పుడెల్లఁ బ్రేక్షకులు ప్లాస్టిక్కు చెంచాలను దెఱవైపు విసరుదురు. తరువాత వైసో దీనిని హాస్యచిత్రముగనే తలఁపవచ్చునని చెప్పఁజొచ్చెను. ఆ మాటను బ్రేక్షకులు నమ్మలేదు, నమ్మఁగోరలేదు. నమ్మిరేని యిది యొక సామాన్యప్రహసన మగును. కర్త శ్రద్ధను గర్త సాక్ష్యమునకు వ్యతిరేకముగాఁ బ్రేక్షకులే కాపాడుట యిచ్చటి విశేషము. వారు ప్రేమించునది దోషమును గాదు, దోషముగుండఁ గనఁబడు శ్రద్ధనని దీనివలనఁ దేలుచున్నది.

అయిన నీ నవ్వు న్యాయమైనదేనా? వుడ్ దారిద్ర్యమున మునిఁగి, నివాసమునుండి వెడలఁగొట్టఁబడిన కొలఁదిదినములకే 1978 డిసెంబరులోఁ దన 54వ యేఁట మరణించెను. 1980లో మెడ్‌వెడ్ సోదరులు ప్రకటించిన గ్రంథమున నతఁ డత్యధమదర్శకుఁడనియు, 'ప్లాన్ 9' అత్యధమచిత్రమనియు నిర్ణయింపఁబడెను. ఆ నిందవలననే యతనికిఁ గీర్తి వచ్చెను. 1994లో టిమ్ బర్టన్ యతని జీవితమును జిత్రముగాఁ దీసెను. అందు లుగోసీ వేషము ధరించిన మార్టిన్ లాండౌ అకాడమీ బహుమానము నందెను. నవ్వినవారును, గీర్తించినవారును దర్శకున కిచ్చిన దేమియు లేదు. అప్పటి కతఁడు లేఁడు.

కావున నవ్వునందలి తారతమ్యమును మనము గుర్తింపవలసి యున్నది. భరతముని హాస్యమును స్మితము మొదలతిహసితము వఱకు నాఱువిధములుగా విభజించి, ఉత్తమ మధ్యమాధమప్రకృతులకుఁ బంచియిచ్చెను. ఇతరుని పాటునుఁ జూచి తా నెన్నఁడును బడనివాఁడువలె నవ్వుట యొకటి. తన సంకల్పములకును సిద్ధికిని గల దూరమును దలంచుకొని చిఱునవ్వు నవ్వుట మఱొకటి. మొదటివానికిఁ జిత్రము రెండుమాఱులకే పాతపడును. రెండవవాఁడే సహృదయుఁడు.

'అత్యధమచిత్ర'మను బిరుదును విమర్శకుఁ డంగీకరింపరాదు. అఱువదియేండ్లు దాఁటినను జూడఁబడుచున్న చిత్ర మత్యధమ మెట్లగును? అత్యధమములు పేరైన లేక నశించినవి. అట్లని దోషమును గుణమనుటయుఁ దగదు. గోరీరాయి ఊఁగుట దోషమే. పగలును రాత్రియుఁ గలియుట దోషమే. దోషమును దోషమనియే చెప్పి, దానిగుండఁ గనఁబడిన ప్రయత్నమును గూడఁ బేర్కొనుట విమర్శకుని విధి. అట్లు చేసినప్పుడే నవ్విన నవ్వునకు మనము జవాబు చెప్పఁగలవారమగుదుము.